పన్ను కట్టించుకున్న ఈగ

ఇంటాయన ఉన్నట్టుండి కొత్త విద్య నేర్చుకుంటానని కూర్చున్నాడంటే, ఇల్లాలు ముందుగా చెయ్యవలసిన పని ఒకటే. పగిలేవి, చిరిగేవి, ఊడేవి అన్నీ తీసి అటక మీద పెట్టెయ్యాలి. మన పళ్ల డాక్టరమ్మ ఆ పని చెయ్యలేదు. మొగుడి మీద నమ్మకం ఉండి కాదు, ఆ వారం రోగులు ఎక్కువై తీరిక లేక.

ఆవిడ మొగుడు వంతెనల ఇంజనీరు. వీధిలో అందరూ వంతెనగారనే పిలుస్తారు. ఆయన కట్టించిన వంతెనల మీద లారీలు పోతాయి, రైళ్లు పోతాయి, వరదలొచ్చినా చెక్కు చెదరవు. ఆయన ఇంట్లో బిగించిన అల్మరా తలుపు మాత్రం పిల్లి తుమ్మితే ఊడి పడుతుంది. పెద్ద పనులకి అలవాటు పడిన చేతికి చిన్న పనులు ఆనవని ఆయన వాదన. చేతకానయ్యకి చేష్టలెక్కువని ఆవిడ తీర్పు.

అలాంటి మనిషి ఈగలు కట్టడం మొదలుపెట్టాడు.

ఈగలంటే ముసిరే ఈగలు కావు. గాలం ముల్లుకి ఈకలు, వెంట్రుకలు పెట్టి, సన్నటి దారంతో చుట్టి, నీళ్ల మీద వాలిన ఈగలాగా తయారుచేస్తారు. చేప దాన్ని నిజం ఈగ అనుకుని నోరు తెరుస్తుంది. చూసేవాడికి ఇంతేనా అనిపిస్తుంది. కట్టేవాడికి మాత్రం పుట్టిన రోజు గుర్తొస్తుంది.

దీనికంతటికీ మూలం మామగారు. ఆయన రేవులో స్టీమరు నడిపి రిటైరైన కెప్టెను. ఇప్పటికీ గట్టిగా నవ్వితే స్టీమరు కూత వేసినట్టే ఉంటుంది. చేపల పిచ్చి ఆయనకి. ఆయన ఇంటి హాల్లో గోడకి ఒక చెక్క పలక ఉంది. ఆ ఇంట్లో ఎవరెవరు ఈగ కట్టారో వాళ్ల మొదటి ఈగ దాని మీద ఒక్కో మేకుకి వేలాడుతూ ఉంటుంది. అత్తగారిది ఉంది. పెద్దమ్మాయిది ఉంది. మన డాక్టరమ్మ బడిలో చదువుకునేటప్పుడు కట్టినది ఉంది. ఆఖరికి వాతావరణ శాఖలో పనిచేసే తోడల్లుడిది కూడా ఉంది. ఆయన ఈ పూట వాన పడదంటే వీధి వీధంతా గొడుగులు తీసుకుని బయల్దేరుతుంది. అలాంటివాడిది కూడా ఉంది.

ఒక మేకు మాత్రం ఖాళీ. వంతెనగారి పెళ్లయిన ఏడాదే దాన్ని మామగారు స్వయంగా కొట్టారు. అప్పటినుంచీ అది అలాగే బోడిగా ఉంది. ఎప్పుడెళ్లినా ఆయన్ని సరిగ్గా దానికెదురుగానే కూర్చోబెడతారు.

"పోనీ, ఆ మేకుకి మీ టోపీ అయినా తగిలించండి తమ్ముడూ, బోసిగా ఉంది," అంటాడు తోడల్లుడు.

అందరూ నవ్వుతారు. వంతెనగారూ నవ్వుతాడు. కానీ ఆ నవ్వు గొంతు దాటి లోపలికి దిగదు. ఆ మేకు ఆయనకి కంట్లో నలుసైంది. ఊళ్లో ఎంత పేరున్నా, ఆ హాల్లో కూర్చున్నంతసేపూ తను ఆ ఇంటికి చుట్టమే గాని ఇంటివాడు కాదనిపిస్తుంది. అందుకే మొన్న భోజనాల దగ్గర ఉండబట్టలేక అనేశాడు. "వచ్చే ఆదివారం అందరం ఏటికి వెళ్తున్నాంగా! నా ఈగ నేనే కట్టుకొస్తా."

అత్తగారికి నీళ్లు పొలమారాయి. మామగారు మాత్రం కళ్లజోడు పైకి తోసి, "మాటేనా అల్లుడుగారూ?" అన్నారు, చాలా ఆశగా. తర్వాత తన షరతు మళ్లీ గుర్తు చేశారు. "కొన్న ఈగతో మాత్రం నా రేవులో ఎవరూ గాలం వెయ్యకూడదు. ఎంత వంకరదైనా సరే, సొంతది కావాలి."

"మాటే మామగారూ," అన్నాడు వంతెనగారు. మాటదేముంది, నోట్లోంచి ఊరికే వస్తుంది.

*

"ఏమండీ, దుమ్ము దులిపే ఈకల కట్ట ఏమైంది? కర్ర ఉంది, ఈకలు లేవు."

"ముసలిదైపోయిందిగా, ఊడిపోయుంటాయి."

"మొన్ననే కొన్నాను."

"అయ్యో, అయితే చిన్నతనంలోనే పోయిందన్నమాట."

"పిల్లి వీపు మీద ఒక పక్కంతా నున్నగా ఉందేమిటి?"

"ఎండాకాలం కదే. గాలి ఆడాలని అదే..."

"అదే వెళ్లి క్షవరం చేయించుకుందా? సరే, నా ఉన్ని కోటు."

"కాలరు జోలికి నేను పోలేదు!"

"నేను కోటన్నాను. కాలరు మాట మీ నోటే వచ్చింది."

ఇంక దాచి లాభం లేదని వంతెనగారు బల్ల సొరుగు లాగి చూపించాడు. లోపల ఈకలు, పిల్లి బొచ్చు, కాలరు బొచ్చు, దారం ఉండలు, ముళ్లు అన్నీ కలిసిపోయి, ఏదో జంతువు గూడు కట్టుకున్నట్టుంది.

ఆవిడ నడుం మీద చేతులు వేసుకుని కాసేపు చూసింది. "నాన్న దగ్గర చిన్నప్పుడే నేర్చుకున్నాను. ఒక్క గంట కూర్చుంటే నేర్పేస్తాను."

"వద్దు. ఎవరి సాయం వద్దు. నా అంతట నేనే కట్టాలి."

"ఒక్క మాటన్నా వినండి. ముల్లు తల దగ్గర దారం ఎక్కించే చిన్న రంధ్రం ఉంటుంది చూశారా? అక్కడ కాస్త చోటు వదలండి. మొదటిసారి కట్టే ప్రతివాళ్లూ అక్కడిదాకా కట్టేసి రంధ్రం మూసేస్తారు."

"ఏళ్ల మీద వంతెనలు కట్టినవాణ్ణి. నాకు రంధ్రాల గురించి చెప్తున్నావా? నవ్విన నాపచేనే పండుతుందే!"

"పండితే సంతోషమే. మిగిలిన పిల్లికి మాత్రం కత్తెర పెట్టకండి," అని ఆవిడ క్లినిక్కులోకి వెళ్లిపోయింది. క్లినిక్కంటే ఎక్కడో కాదు, ఆ ఇంటి ముందుగదే.

*

ఫోనులో వీడియో పెట్టుకుని వంతెనగారు రంగంలోకి దిగాడు. వీడియోలో పెద్దమనిషి టీ తాగుతూ, వాతావరణం గురించి కబుర్లు చెబుతూ, మధ్యమధ్యలో వేళ్లు ఇలా అని అలా అంటే ఈగ తయారై కూర్చుంటోంది. వంతెనగారు బల్లకి బిగించిన చిన్న వైసులో, అదే ఇనప పట్టులో, ముల్లు ఇరికించి, దారం చుట్టి, ఈక అదిమిపెడితే దారం తెగింది. దారం పట్టుకుంటే ఈక ఎగిరింది. ఈక పట్టుకుంటే ముల్లు వేలిలో దిగింది. "అమ్మా!" అన్న కేకకి ముందుగదిలో పన్ను పీకించుకోవడానికి వచ్చినాయన, పన్ను తనదేమోనని దవడ తడుముకున్నాడు.

మొత్తానికి ఎలాగో ఒకటి పూర్తయింది. పిల్లి దాన్ని వాసన చూసి, వెనకడుగు వేసి, సోఫా కిందికి దూరి మళ్లీ సాయంత్రానికి గాని బయటికి రాలేదు. వంతెనగారు మాత్రం దాన్ని అరచేతిలో పెట్టుకుని మురిసిపోయాడు. కాకి పిల్ల కాకికి ముద్దు కదా. అటు తిప్పి చూశాడు, ఇటు తిప్పి చూశాడు, అద్దం ముందు పెట్టి చూశాడు. ఇన్నేళ్లలో ఎన్నో పెద్ద పెద్ద కట్టడాలకి సంతకాలు పెట్టాడు గాని, ఇంత చిన్నది తన రెండు చేతులతో చెయ్యడం ఇదే మొదలు. గుండె నిండిపోయింది.

ఆ నిండిన గుండెతో ఒక్క నిట్టూర్పు వదిలాడు. ఆ గాలికి ఈగ మొత్తం విడిపోయింది.

లోపం ఎక్కడుందో ఆయనకి తెలుసు. ఆఖరి ముడి వెయ్యడం రావడం లేదు. వీడియోలో పెద్దమనిషి ఆ ముడి వేసేటప్పుడు ప్రతిసారీ కెమెరాకి చెయ్యి అడ్డం వస్తోంది. ముడి రాకపోతే ఏం, ఇంజనీరు బుర్ర ఉంది. పట్టు లేనిచోట సిమెంటు వెయ్యాలి. ఇంట్లో అంతకంటే గట్టి సిమెంటు ఎక్కడుంది? ముందుగదిలో. పుచ్చిన పళ్లలో పెట్టే తెల్లటి ఫిల్లింగు. నీలం దీపం చూపిస్తే రాయిలా గట్టిపడుతుంది. ఏళ్ల తరబడి పంటిని పట్టుకునేది ఈగని పట్టుకోదా?

మధ్యాహ్నం డాక్టరమ్మ భోజనానికి లేవగానే వంతెనగారు పిల్లిలా క్లినిక్కులో దూరేవాడు. కొన్ని రోజులపాటు ఇదే తంతు. ఈగ చుట్టడం, తలకి ఫిల్లింగు మెత్తడం, నీలం దీపం పెట్టడం. ఒక్కటీ విడిపోలేదు. అన్నీ తళతళలాడే తెల్లటి తలలతో వరసగా నిలబడ్డాయి. తేలుతాయో లేదో చూద్దామని ఒకదాన్ని అక్కడే ఉన్న గ్లాసు నీళ్లలో వేశాడు. అంతలో డాక్టరమ్మ అడుగుల చప్పుడు వినిపించి, గ్లాసు సంగతి మరిచిపోయి పెరటి దారిన ఉడాయించాడు.

ఆ గ్లాసు రోగులు నోరు పుక్కిలించే గ్లాసు. తర్వాత కుర్చీలో కూర్చున్నది రిటైర్డు జడ్జిగారు.

"డాక్టరమ్మా! గ్లాసులో ఈగ!"

ఆవిడ తొంగి చూసింది. "ఈగ కాదండీ. మావారు."

"మీవారా?" జడ్జిగారు కుర్చీలో నిటారుగా అయిపోయాడు.

"అంటే, మావారు కట్టింది."

జడ్జిగారు గ్లాసు వెలుతురుకి ఎత్తి, విచారణ చేస్తున్నట్టు చాలాసేపు చూశాడు. "నా సర్వీసులో ఇలాంటిది చూడలేదు. దీనికి పన్ను కూడా ఉంది."

జడ్జిగారిని పంపించి ఆవిడ ఆ ఈగని పట్టకారుతో పట్టుకుని మొగుడి ముందు నిలబడింది. వంతెనగారు చీవాట్లకి సిద్ధపడి తల వంచుకున్నాడు. ఆవిడ అడిగింది మాత్రం ఒకటే ప్రశ్న.

"దీనికి రంధ్రమేదండీ?"

వంతెనగారికి పై ప్రాణాలు పైనే పోయాయి. అయినా తొణకలేదు. "కావాలనే మూశాను. నీళ్లు లోపలికి పోకుండా."

"అలాగా," అంది ఆవిడ.

ఆవిడ అటు వెళ్లగానే ఆయన సొరుగు లాగి ఈగలన్నీ బల్ల మీద బోర్లించాడు. ఒక్కదానికీ రంధ్రం లేదు. అన్నీ నున్నగా, గట్టిగా, ముత్యాల్లాగా మూసుకుపోయి ఉన్నాయి. సూది పెట్టి గుచ్చితే సూది విరిగింది. మేకు పెడితే మేకు వంగింది. గాలం దారం ఎక్కని ఈగ ఎందుకు? జేబుకి గుచ్చుకుని తిరగడానికా? చేసిన పని అంత గట్టిగా చేశాడు. ఆదివారం చూస్తే రేపే.

ఈగలన్నీ ఊడ్చి చెత్తబుట్టలో పోసి, వంతెనగారు మఫ్లరు చుట్టుకున్నాడు. నల్ల కళ్లద్దాలు పెట్టుకున్నాడు. మండుటెండలో మఫ్లరేమిటని ఎదురింటావిడ అడిగితే జలుబన్నాడు.

*

ఊరికి ఆ చివర గాలం సామాన్లమ్మే కొట్టు ఒకటుంది. అక్కడ అద్దాల పెట్టెలో ఈగలు వరసగా ఉన్నాయి. ఎంత ముద్దుగా ఉన్నాయంటే, చేపలదాకా ఎందుకు, వంతెనగారికే నోరు తెరవాలనిపించింది.

"ఇవి చాలా బాగున్నాయి," అన్నాడు గొంతు మార్చి.

"మా దగ్గర ఉన్నవాటిలో ఇవే మేలైనవి సార్. ఒకే చేతి పని."

"అదే ఇబ్బంది. వీటికంటే కాస్త నాసిరకానివి లేవా?"

కొట్టతను వినపడనట్టు ముందుకి వంగాడు. "నాసిరకమా?"

"అంటే, ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్న మనిషి, తెలివైనవాడే, కాస్త చెయ్యి తిరగనివాడు కట్టినట్టు ఉండాలి."

"అలాంటివి ఎవరూ అమ్మరు సార్. ఎవరింట్లో వాళ్లు పారేస్తారు."

చేసేది లేక వంతెనగారు మేలైనదే ఒకటి తీసుకున్నాడు. దారిలో ఒక చెట్టు కింద నిలబడి ఒక ఈక కాస్త వంచాడు, కాస్త చెరిపాడు. అయినా అందం పోలేదు. పిప్పరమెంటు బిళ్లల డబ్బా ఒకటి ఖాళీ చేసి అందులో పెట్టుకుని ఈల వేసుకుంటూ ఇల్లు చేరాడు.

"ఏమిటా హుషారు?" అంది డాక్టరమ్మ.

"కుదిరిందే! ఆఖరికి కుదిరింది. చూడు." డబ్బా మూత తీశాడు.

ఆవిడ పళ్లు చూసే భూతద్దాల కళ్లజోడు కిందికి దించుకుని ఆ ఈగ మీదికి వంగింది. చాలాసేపు చూసింది. పెదవి ఒక మూల కాస్త వణికినట్టనిపించింది గాని, ఆవిడ మొహం చూసి ఏదైనా కనిపెట్టడం ఈయన వల్ల ఎప్పుడయింది కనక!

"చాలా బాగుంది. మీరే కట్టారా?"

"మరెవరు?"

"దారం ఎటువైపు తిప్పారు?"

"ఎటువైపేమిటి? చుట్టూ తిప్పాను."

"అలాగా," అంది ఆవిడ.

ఆ ఇంట్లో ఆవిడ 'అలాగా' అంటే ఆ విషయం అయిపోయినట్టు కాదు, మొదలైనట్టు. ఆ సంగతి పిల్లికి కూడా తెలుసు. సంతోషంలో ఉన్న వంతెనగారికి మాత్రం తట్టలేదు.

*

ఆదివారం ఏటి ఒడ్డున అందరూ చేరారు. మామగారు అంచులు చిరిగిన టోపీ పెట్టుకుని బండరాయి మీద కూర్చున్నారు. అత్తగారు ఫ్లాస్కులోంచి టీ పోస్తోంది. వదినగారు చాప పరుస్తోంది. తోడల్లుడు ఆకాశం చూసి, "ఇవాళ చినుకు కూడా పడదు," అన్నాడు. అత్తగారు గొడుగులు దగ్గరికి లాక్కుంది.

మామగారు ఆ పొద్దున ఎందుకో ముభావంగా ఉన్నారు. "ఏం అల్లుడుగారూ, తెచ్చారా?" అని అడిగేటప్పుడు కూడా ఇటు చూడలేదు.

"తెచ్చాను మామగారూ!" వంతెనగారు లేచి నిలబడి డబ్బా పైకెత్తాడు. ఇక్కడ ఊరుకుంటే బాగుండేది. ఊరుకోలేదు. "నేను ఏ పని పట్టినా మూలసూత్రాలనుంచి మొదలుపెడతాను. సమతూకం, బలం, పొందిక. నా ఈగలో ఆ మూడూ కనిపిస్తాయి. అన్నయ్యగారూ, మీరు కూడా దగ్గరికి రండి. చూస్తే నేర్చుకోవచ్చు."

మూత తీసి అందరి మధ్యా పెట్టాడు.

డబ్బాలో పిల్లి బొచ్చు పొట్ట, దుమ్ము దులిపే కట్ట ఈకల రెక్కలు, ఉన్ని కాలరు తోక, తళతళలాడే తెల్లటి తలతో తన సొంత ఈగ వెల్లకిలా పడి ఉంది.

వంతెనగారికి దొంగకి తేలు కుట్టినట్టయింది. అరవడానికి లేదు, అడగడానికి లేదు. పెళ్లాం వైపు చూశాడు. ఆవిడ ఏటి అవతల ఏదో పక్షిని మహా శ్రద్ధగా చూస్తోంది.

"ఇది ఈగా తమ్ముడూ, ఎవరిదన్నా పన్ను ఊడిందా?" అన్నాడు తోడల్లుడు. వదినగారు చాప మీద పడి నవ్వింది. అత్తగారు నవ్వాపుకోలేక టీ గడ్డి మీద పోసింది.

మామగారు ఒక్కరే నవ్వలేదు. ఈగని అరచేతిలోకి తీసుకున్నారు. కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నారు. తోక చూశారు, రెక్కలు చూశారు, తల వేలితో తట్టి చూశారు. ఆయన మీసాలు వణికాయి.

"అల్లుడుగారూ, ఇది మీరే కట్టారు."

"అవును మామగారూ," అన్నాడు వంతెనగారు, నేలలోకి మాట్లాడుతున్నట్టు.

"అందులో ఎవరికీ అనుమానం అక్కర్లేదు. ఇలాంటిది ఇంకెవరివల్లా కాదు." ఆయన ఈగని మళ్లీ అటూ ఇటూ తిప్పారు. "నా మొదటి ఈగ చూసి మా నాన్న తేలనుకుని చెప్పు తీశాడు. మీది అంతకంటే నయం. మరి దారం ఎక్కడినుంచి ఎక్కిస్తారు?"

"ఎక్కదు మామగారూ. పళ్ల ఫిల్లింగు పెట్టేశాను."

ఇంక చూడాలి. మామగారి స్టీమరు కూత ఏటి ఈ ఒడ్డునుంచి ఆ ఒడ్డుకి వెళ్లి వెనక్కి వచ్చింది. డాక్టరమ్మ పక్షిని వదిలేసి చేసంచి తెరిచింది. అందులోంచి చేతి తొడుగులు, భూతద్దాల కళ్లజోడు, టార్చి, పట్టకారు, బ్యాటరీతో తిరిగే చిన్న డ్రిల్లు ఒకటొకటిగా బయటికొచ్చాయి. ఏటి గట్టు మీదికి ఇవెందుకు తెచ్చిందని ఎవరికీ అప్పుడు తోచలేదు.

"అమ్మా, నువ్వు టార్చి పట్టుకో. ఏమండీ, మీరు పేషెంటుని కదలకుండా పట్టుకోండి. బావగారూ, కొంచెం వెనక్కి జరగండి, పేషెంటు భయపడుతుంది."

అందరూ తలలు దగ్గరికి చేర్చారు. జుయ్యిమని డ్రిల్లు తిరిగింది. తెల్లటి పొడి రాలింది. వంతెనగారు పట్టకారు పట్టుకుని, ఆ నొప్పేదో తనకే అన్నట్టు కళ్లు మూసుకున్నాడు. చివరికి ఆవిడ ఈగని వెలుతురుకి ఎత్తి చూపించింది. రంధ్రంలోంచి ఆకాశం చుక్కంత కనిపించింది.

"అయిపోయింది. రెండు గంటలు ఏమీ తినకుండా ఉంటే మంచిది," అంది ఈగతో.

"అలా ఉంటే మనం వచ్చిందెందుకు?" అన్నారు మామగారు. దారం ఆయనే ఎక్కించి గాలపు కర్ర అల్లుడి చేతికిచ్చారు.

వంతెనగారు మొదట విసిరింది తోడల్లుడి టోపీకి తగులుకుంది. రెండోసారి నీళ్లలో పడింది. ఈగలు నీటి మీద తేలాలి. ఇది తేలలేదు. తలలో అంత సిమెంటు పెట్టుకుని ఎలా తేలుతుంది? బుడుంగున మునిగి తిన్నగా అడుక్కి పోయింది.

"పోయింది తమ్ముడూ, లంగరు వేశారు," అన్నాడు తోడల్లుడు.

ఆ మాట పూర్తి కాకుండానే కర్ర విల్లులా వంగింది. పైపైన తేలే ఈగల్ని ఆ రేవులో చేపలన్నీ ఎప్పుడో పోల్చుకున్నాయి. అడుగున పడుకున్న పెద్ద చేప నోటి దగ్గరికే ఒకటి నడిచొస్తే మాత్రం కాదనలేకపోయింది. "వదలండి! లాగండి! వదలండి!" అని మామగారు ఒకేసారి అన్నీ చెప్పారు. వంతెనగారు మోకాళ్లలోతు నీళ్లలో దిగి, జారి, లేచి, మొత్తానికి చేపని ఒడ్డుకి తెచ్చాడు. మోచేతి పొడుగుంది. మామగారు దాన్ని రెండు చేతులా పట్టుకుని అందరికీ చూపించి, ముల్లు తీసి, మెల్లగా మళ్లీ నీళ్లలో వదిలారు.

అంతలో వాన మొదలైంది.

*

గొడుగుల కింద టీ తాగుతూ మామగారు నింపాదిగా ఎత్తుకున్నారు.

"నిన్న ఒక తమాషా జరిగింది. ఊరి చివర కొట్టుకి నేను ఈగలు కట్టి ఇస్తుంటాను, ఏదో కాలక్షేపానికి. ఆ కొట్టతను సాయంత్రం ఫోన్ చేశాడు. ఎవరో పెద్దమనిషి వచ్చి నా ఈగ ఒకటి పట్టుకెళ్లాట్ట. పట్టుకెళ్లేముందు ఇంతకంటే నాసిరకం లేదా అని అడిగాట్ట."

"ఎంత విచిత్రం," అంది డాక్టరమ్మ టీ ఊదుకుంటూ. "మనిషి ఎలా ఉంటాట్ట నాన్నా?"

"నల్ల కళ్లద్దాలు. మండుటెండలో మెడకి మఫ్లరు."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాట్ట. వంతెనగారు మెడ తడుముకున్నాడు.

మామగారు అటే చూస్తూ అన్నారు. "ఆ ఈగే నా చేతిలో పెట్టి, నేనే కట్టానంటాడేమో, నేనేమనాలి అని పొద్దుటినుంచీ ఒకటే దిగులు నాకు. అనలేదు. తను కట్టిన అవకతవకదే తెచ్చి పదిమందిలో పెట్టాడు. నా అల్లుడనుకుంటే గర్వంగా ఉంది."

వంతెనగారు నోరు తెరిచాడు. పెళ్లాం కళ్లతోనే వద్దంది. ఆయన ఒక గుటక మింగాడు, ఇంకో గుటక మింగాడు, ఆ గర్వం మాత్రం గొంతు దిగలేదు.

"మామగారూ, అది నేను తేలేదు. నేను తెచ్చింది మీదే. మార్చింది మీ అమ్మాయి."

మామగారు కూతురి వైపు తిరిగారు. "నీకెలా తెలిసిందే?"

"దారం ఎడమవైపు తిరిగుంది నాన్నా. మన ఊళ్లో ఎడమచేత్తో ఈగ కట్టేది నువ్వొక్కడివే. నీ ఈగ నీకే చూపించి గొప్పలు చెప్పబోతున్నారు పాపం. చూస్తూ ఊరుకోమంటావా?" అని మొగుడి వైపు తిరిగింది. "అందుకొక్కందుకే కాదు. చెత్తబుట్టలోంచి దీన్ని తీసి చూశాను. ముందు నవ్వొచ్చింది, కళ్లమ్మట నీళ్లొచ్చేదాకా నవ్వాను. తర్వాత, వేళ్లనిండా గాట్లు పెట్టుకుని మరీ కట్టారే మావారు అనిపించింది. పారెయ్యడానికి నాకు చేతులు రాలేదు."

వంతెనగారు తల వంచుకుని ఖాళీ టీ కప్పులోకి చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. అత్తగారు జాలిపడి ఇంకో కప్పు పోసింది.

"బాగుంది. నా ఈగని గుర్తుపట్టిన కూతురు, నిజం కడుపులో దాచుకోలేని అల్లుడు. పదండి ఇంటికి," అన్నారు మామగారు లేస్తూ.

తడిసి ముద్దయి అందరూ హాల్లో చేరారు. మామగారు తుడుచుకోను కూడా తుడుచుకోకుండా తిన్నగా చెక్క పలక దగ్గరికి వెళ్లి, ఆ ఖాళీ మేకుకి అల్లుడి ఈగ తగిలించారు. తెల్లటి తల హాలంతటికీ మెరిసింది.

"మామగారూ, పలకంతటికీ ఇదే వికారంగా ఉందండీ," అన్నాడు తోడల్లుడు.

"అవును. కానీ అంత పెద్ద చేపని మీది పట్టలేదు, నాదీ పట్టలేదు," అన్నారు మామగారు.

వంతెనగారు దానికెదురుగా నిలబడ్డాడు. వంతెన ప్రారంభానికి మంత్రులొచ్చినప్పుడు కూడా ఆయన అంత నిటారుగా నిలబడలేదు. ఛాతీ పొంగింది. పొంగి, ఇంకా పొంగింది. తడిసిన చొక్కా బిగిసిపోయింది.

"చాల్లెండి, ఊపిరి వదలండి. గుండీ తెగుతుంది," అంది డాక్టరమ్మ పక్కన నిలబడి. ఆవిడ మొహం కూడా వెలిగిపోతోంది.

"తెగితే తెగనీవే! ఇప్పుడు నాకు దారం పట్టడం వచ్చుగా. నేనే కుట్టుకుంటా."

"వద్దు!" అన్నారు ఇంటిల్లిపాదీ ఒక్క గొంతుతో.